గాలిమోటారు చదువు

మా చిత్తూరు వైపు జూన్ నెల రెండు లెక్కల మీద నడుస్తుంది. తోతాపురి కాయ కిలో ఎంత పలికింది అనేది ఒకటి, ఇంటర్ ముగించిన బిడ్డకు ర్యాంకు ఎంత వచ్చింది అనేది ఇంకొకటి. మొదటి లెక్క తేలితే గానీ రెండో లెక్క ముందుకు కదలదు. 2025 వేసవిలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. కిలోకు 12 రూపాయలని, అందులో 8 ఫ్యాక్టరీ, 4 ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయమైంది. ఆ బారులో నిలబడి, కాయ దించి, నేరుగా మా ఇంటికొచ్చాడు బంగారుపాళెం దగ్గరి పల్లె రైతు ఒకాయన. వెంట కూతురు. మంచినీళ్ళు తాగి, చొక్కా జేబులోంచి మడత కాగితం, పెన్ను తీసి నా ముందు పెట్టాడు.

“సార్, పాప గాలిమోటారు చదువు చదవాలంటా ఉండాది. ఏయే కాలేజీలకు పెట్టాలో వరసగా మీరే రాసియ్యాల.”

ఇంటర్ పిల్లలకు ఏళ్ళ తరబడి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. ఇలాంటి కాగితాలు నా ముందుకు వస్తూనే ఉంటాయి. కంప్యూటర్ సైన్సు అడిగితే నిమిషంలో రాసిచ్చేవాణ్ణేమో. ఈ కాగితం మీద మాత్రం వెంటనే పెన్ను పెట్టలేకపోయాను.

ముందు ఆ అమ్మాయిని అడిగాను, ఎందుకమ్మా ఈ చదువని. తల వంచుకునే చెప్పింది గానీ, చెప్పింది గట్టిగానే. “అంత బరువు పైన ఎట్ల నిలబడతాది సార్? బుక్కులో బెర్నౌలీ అని ఒక పేరాతో సరిపెట్టినారు. రెక్క పైన పోయే గాలి, కింద పోయే గాలి ఒకేసారి చివరికి చేరాలంట, అందుకని పై గాలి ఉరుకుతాదంట. ఒకేసారి ఎందుకు చేరాల? వాటికేం పనుంది?”

ఆ అమ్మాయి అనుమానం నూటికి నూరుపాళ్ళు న్యాయమైనది. రెక్క మీద పోయే గాలి కింది గాలితో కలిసి చివరికి చేరాలన్న నియమం ఏదీ లేదు. కొలిచి చూస్తే పై గాలి ఇంకా ముందే చేరుతుంది. రెక్క గాలిని వంచి కిందికి నెడుతుంది, ఆ నెట్టినంత బలం రెక్కను పైకి లేపుతుంది. ఒత్తిడి తేడా అన్నా, నెట్టుడు అన్నా ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూడటమే. గైడు పుస్తకాల్లో ఏళ్ళుగా తప్పు నడుస్తుంటే, పల్లెలో కూర్చుని దాన్ని పట్టుకున్న పిల్ల ఈమె. ఇలాంటి బిడ్డకు నాలుగేళ్ళు ఎక్కడ గడపాలో చెప్పడం నాకు పెద్ద బాధ్యతగా తోచింది.

వాళ్ళ నాయనకు మనసులో ఇంకో భయం ఉంది. “పాప పైలట్ అయితాదా సార్?” మన ఊళ్ళలో మూడు వేర్వేరు దారులను ఒకటే అనుకుంటారు. విమానం నడిపేవాళ్ళకు ఫ్లయింగ్ స్కూలు, గంటల లెక్క, కమర్షియల్ లైసెన్సు. విమానాన్ని విప్పి, బిగించి, ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టేవాళ్ళకు ఏఎంఈ అనే వేరే శిక్షణ, డీజీసీఏ ఇచ్చే లైసెన్సు. విమానం ఎలా ఉండాలో లెక్కగట్టేవాళ్ళది బీటెక్ ఏరోనాటికల్ లేదా ఏరోస్పేస్. మూడూ గౌరవమైన పనులే. కానీ ఒకటి అనుకుని ఇంకొకదాంట్లో చేరి, రెండో ఏడు తెలుసుకుని ఏడ్చిన పిల్లలను చూశాను. కాలేజీ పేరు కంటే ముందు ఈ తేడా ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మన ప్రాంతానికి ఆకాశంతో ఉన్న దగ్గరితనం చిన్నది కాదు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రాకెట్ లేచే రోజు ఆకాశం తేటగా ఉంటే తిరుపతిలో మిద్దెలెక్కి చూస్తారు. దానికి ముందు ఇస్రో పెద్దలు రాకెట్ నమూనా తీసుకుని తిరుమల కొండెక్కిన ఫొటో పేపర్లో వస్తుంది. చిత్తూరు నుంచి మూడు నాలుగు గంటలు ఒకవైపు పోతే చెన్నై క్రోంపేటలో కలాం చదివిన ఎంఐటీ, ఇంకోవైపు పోతే బెంగళూరులో హెచ్ఏఎల్, నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్. ఇక తిరుపతి నుంచి చిత్తూరు వచ్చే దారిలోనే, కొండల నడుమ, గాదంకి.

గాదంకి గురించి మన పిల్లలకు తెలియకపోవడం నాకు ఎప్పుడూ బాధే. నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ అక్కడే ఉంది. దాని ఎంఎస్టీ రాడార్ అంటే తిరిగే పళ్ళెం కాదు. 130 మీటర్ల పొడవు, 130 మీటర్ల వెడల్పు చదరంలో 1024 జతల యాగీ యాంటెన్నాలు, టమాటా తోటలో నాటిన ఊతకర్రల్లాగా వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. అవి 53 మెగాహెర్ట్జ్ తరంగాలను పైకి పంపుతాయి. పైన మబ్బు లేకపోయినా, విమానం లేకపోయినా, ఊరికే గాలిలో లేచే సుళ్ళ నుంచి కూడా అతి సన్నని ప్రతిధ్వని తిరిగి వస్తుంది. దాన్ని పట్టి, ఎంత ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో పోతోందో చెబుతారు. కంటికి కనబడని గాలికి ఆకారం, దిశ, వేగం ఉన్నాయని, దాన్ని కొలవొచ్చని నమ్మకం కలిగించే చోటు ఇంతకంటే ఏముంది? విమానాల చదువు ఆ నమ్మకం మీదనే మొదలవుతుంది.

ఇంత దగ్గరలో ఇన్ని ఉన్నా, ఆ చదువు మాత్రం దగ్గరలో లేదు. ఎస్వీ యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నాటిది. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్, కెమికల్, కంప్యూటర్ ఉన్నాయి, ఏరో లేదు. ఐఐటీ తిరుపతి 2015లో సివిల్, కంప్యూటర్, ఎలక్ట్రికల్, మెకానికల్ అనే నాలుగు శాఖలతో మొదలైంది. కాబట్టి మన బిడ్డ ఎక్కడికో పోవాల్సిందే. ఎక్కడికి అన్నదే ప్రశ్న.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే చిక్కే లేదు. మద్రాసు, బొంబాయి, కాన్పూర్, ఖరగ్‌పూర్ ఐఐటీల్లో ఏరోస్పేస్ విభాగాలు పాతవి, గట్టివి. తిరువనంతపురం దగ్గర 2007లో పెట్టిన ఐఐఎస్‌టీ ఇంకో మంచి చోటు. అది అంతరిక్ష శాఖ సొంత విద్యాసంస్థ. ప్రవేశం అడ్వాన్స్‌డ్ ర్యాంకు మీదనే అయినా దరఖాస్తు మాత్రం విడిగా పెట్టుకోవాలి. జోసా కౌన్సెలింగ్‌లో దాని పేరు కనబడదు కాబట్టి మర్చిపోయి నష్టపోయిన ఇళ్ళున్నాయి. అడ్వాన్స్‌డ్ రాసిన ప్రతి బిడ్డా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది.

కానీ నా ముందు కూర్చున్న అమ్మాయిది ఎప్‌సెట్ ర్యాంకు. అక్కడ దారులు ఇరుకు. మన రాష్ట్రంలో ఈ బ్రాంచి ఉన్న కాలేజీలు బహు కొద్ది. హైదరాబాదు దుండిగల్ వైపు, ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరిసరాల్లో, ఏరో చెప్పే కాలేజీలున్నాయి. పేరులోనే ఏరోనాటికల్ ఉన్న కాలేజీ కూడా అక్కడే 2000లో వచ్చింది. ఒకప్పుడు రాయలసీమ పిల్లలు అన్‌రిజర్వుడ్ 15 శాతం సీట్లలో పోటీపడి అక్కడ చేరేవాళ్ళు. విభజన చట్టం ఇచ్చిన పదేళ్ళ గడువు 2024 జూన్ 2తో తీరింది. తరువాత తెలంగాణ ఆ నిబంధన మార్చింది. ఇప్పుడు మనకు మిగిలింది యాజమాన్య కోటా. క్రోంపేట ఎంఐటీకి సీట్లు తమిళనాడు కౌన్సెలింగ్‌లో పోతాయి, మనవాళ్ళకు ఆ వాకిలి దాదాపు మూసినట్టే. చెన్నై చుట్టూ ఉన్న డీమ్డ్ యూనివర్సిటీలు సొంత పరీక్షతో తీసుకుంటాయి, సీటు దొరుకుతుంది. కానీ రాష్ట్రం దాటితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. కిలో 12 రూపాయల కాయతో ఆ ఫీజు, ఆ హాస్టలు, నాలుగేళ్ళు. ఈ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడటం నాకు కష్టమైంది. అయినా చెప్పాలి. చెప్పకుండా కాలేజీ పేరు రాసివ్వడం అన్యాయం.

ఆయన కాగితం మీద నేను మొదట రాసింది కాలేజీ పేర్లు కాదు, కాలేజీకి పోయి అడగాల్సిన ప్రశ్నలు. గేటు మీద నాక్ గ్రేడు ఫ్లెక్సీ చూసి మురిసిపోవద్దన్నాను. నాక్ చూసేది మొత్తం సంస్థను. ఎన్‌బీఏ చూసేది ఒక్కొక్క కోర్సును. కంప్యూటర్ కోర్సుకు ఎన్‌బీఏ ఉండి ఏరోకు లేని కాలేజీ ఉండొచ్చు, కాబట్టి మీ బ్రాంచికి ఉందా అని అడగాలి. పాఠం చెప్పేవాళ్ళలో ఏరోలోనే ఎంటెక్, పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఎంతమంది? పోయిన ఏడు ఏరో ముగించిన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? ప్లేస్‌మెంట్ బోర్డులో నవ్వుతున్న ఫొటోలు ఏ బ్రాంచి పిల్లలవి? ఆఖరి సంవత్సరం ప్రాజెక్టులు పిల్లలు సొంతంగా చేశారా, బయట షాపులో కొన్నారా? ఇవన్నీ అడగాలి. అడిగితే నొచ్చుకునే కాలేజీ అయితే అక్కడితో ఆపేయాలి.

అన్నిటికంటే ముందు, విండ్ టన్నెల్ నడిపి చూపించమనాలి. చూపించమంటే చాలదు, నడిపి చూపించమనాలి. ఒక కాలేజీలో ఆ యంత్రం మీద గుడ్డ కప్పి, గుడ్డ మీద పాత జవాబు పత్రాల కట్టలు పెట్టి ఉండటం నా కళ్ళతో చూశాను. కరెంటు ఎక్కువ లాగుతుందన్నారు. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను. అలాంటి చోట ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరకదు.

జవాబు దొరికే చోటు ఎలా ఉంటుందో కూడా చూశాను, చెన్నై శివారులో ఒక కాలేజీలో. పెద్ద ఫ్యాను, దాని ముందు పొడవాటి పెట్టె, నడుమ అద్దాల గది. గాలి లోపలికి వచ్చే నోటి దగ్గర తేనెతుట్టె గళ్ళ జల్లెడ, సుళ్ళు లేకుండా గాలిని సరిచేయడానికి. అద్దాల గదిలో జానెడు రెక్క నమూనా. దాని వీపు మీద ఉన్నిదారం ముక్కలు, వేలెడంత పొడుగువి, ఒక కొనకు టేపు అంటించి వరసగా పెట్టారు. ఫ్యాను వేశారు. హోరు పెరిగింది. దారాలన్నీ తలదువ్వినట్టు వెనక్కి సాగి నిశ్చలంగా నిలబడ్డాయి. ల్యాబ్ అసిస్టెంటు చిన్న చక్రం తిప్పుతూ రెక్క ముక్కును పైకెత్తుతూ పోయాడు. నాలుగు డిగ్రీలు, ఎనిమిది, పన్నెండు. రెక్క లేచే బలాన్ని తూచే మీటరు పెరుగుతూనే ఉంది. పద్నాలుగు, పదిహేను దగ్గరికి రాగానే వెనక వరసలోని దారాలు వణకడం మొదలుపెట్టాయి. ఇంకొంచెం ఎత్తగానే అవి గిర్రున తిరిగి ముందుకే, అంటే గాలికి ఎదురు వాలాయి. అదే క్షణంలో మీటరు పడిపోయింది. దాన్ని స్టాల్ అంటారు. రెక్కను పట్టుకుని పోతున్న గాలి విడివడిపోయింది. విమానాలు ఎందుకు కూలతాయో, పైలట్‌కు ముక్కు దించమని ఎందుకు నేర్పుతారో ఆ ఉన్నిదారం ముక్కలు చెప్పేశాయి. అక్కడున్న రెండో సంవత్సరం పిల్లలు ఆ చక్రాన్ని తమ చేత్తో తిప్పి చూసుకున్నారు. అందుకే ఆ కాలేజీని నేను మరిచిపోలేదు.

కలాం కూడా ఈ బ్రాంచిని జాబితాలో చూసి ఎంచుకోలేదు. తిరుచ్చిలో బీఎస్సీ ఫిజిక్స్ చదివి ఎంఐటీలో చేరాడు. చేర్చడానికి అక్క తన బంగారు గాజులు, గొలుసు కుదువ పెట్టింది. అక్కడ కాలేజీ ఆవరణలో సేవ నుంచి తప్పించిన రెండు పాత విమానాలు నిలిపి ఉండేవి. తోటి పిల్లలు హాస్టలుకు వెళ్ళిపోయాక కూడా ఆయన వాటి దగ్గరే కూర్చునేవాడట. మొదటి సంవత్సరం అయ్యాక బ్రాంచి ఎంచుకోమన్నప్పుడు దాదాపు దానంతటదే అన్నట్టు ఏరోనాటికల్ ఎంచుకున్నానని ఆత్మకథలో రాసుకున్నాడు. ముందు చూశాడు, తాకాడు, దగ్గర కూర్చున్నాడు, తరువాత ఎంచుకున్నాడు. మన పిల్లలకు మనం పెట్టిన పద్ధతి దీనికి పూర్తిగా తలకిందులు. విమానాన్ని ఎన్నడూ దగ్గరగా చూడని పిల్లను, రెక్కను తాకని పిల్లను, నాలుగు రోజుల గడువులో కంప్యూటర్ తెర మీద కాలేజీ కోడ్‌లు వరస పెట్టమంటున్నాం.

ఇక్కడ చాలామంది పెద్దలు ఒక మాట అంటారు. ఏరో ఎందుకు, మెకానికల్ తీసుకో, అన్నిటికీ పనికొస్తుంది అని. ఆ మాటకు బలమైన సాక్ష్యాలున్నాయి. శ్రీహరికోట కేంద్రానికి ఏ పేరు పెట్టుకున్నామో ఆ సతీశ్ ధావన్ లాహోర్‌లో చదివింది మెకానికల్ బీఈ. దానికి ముందు లెక్కలు, ఫిజిక్స్‌లో బీఏ, ఆంగ్ల సాహిత్యంలో ఎంఏ. ఏరోనాటిక్స్ తరువాత అమెరికాలో, మిన్నెసోటాలో, కాల్‌టెక్‌లో చదివాడు. తేజస్ యుద్ధ విమాన కార్యక్రమాన్ని నడిపిన కోట హరినారాయణ బనారస్‌లో చదివింది మెకానికలే, ఏరో ఆ తరువాత బెంగళూరు ఐఐఎస్సీలో. డీఆర్‌డీఓ చైర్మన్‌గా పనిచేసిన మన నెల్లూరు జిల్లా సతీష్ రెడ్డి అనంతపురం జేఎన్‌టీయూలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను పంపిన స్కైరూట్ వ్యవస్థాపకుల్లో పవన్ చందన ఖరగ్‌పూర్‌లో మెకానికల్ చదివినవాడు. ఇస్రో సైంటిస్టు ఉద్యోగాలకు మామూలుగా పెట్టే పరీక్షలు కూడా ఎలక్ట్రానిక్స్, మెకానికల్, కంప్యూటర్ వాళ్ళకే. ఏరో వాళ్ళకు పిలుపు అరుదు.

నేను ఈ సాక్ష్యాలను కాదనను. ఆ రైతుకు ఇవన్నీ చెప్పాను కూడా. కానీ వీటితో ఆ అమ్మాయి నోరు మూయించడం నాకు ఇష్టం లేదు. ధావన్ కాలంలో మన దేశంలో డిగ్రీ స్థాయిలో ఏరోనాటిక్స్ చదవడానికి చోటే లేదు. ఐఐఎస్సీలో ఆ విభాగం 1942లో గానీ మొదలుకాలేదు. ఉన్న దారిలో పోయారు, గొప్పవాళ్ళు కాబట్టి చేరుకున్నారు. దాన్ని చూపించి ఈ కాలపు పిల్లకు దారి మార్చుకోమనడం సరికాదు. మెకానికల్‌లో ఫ్లూయిడ్ మెకానిక్స్ ఒకటి రెండు సబ్జెక్టులు. ఏరోలో రెండో ఏటి నుంచే రోజంతా గాలితో పని. రెక్క మీద ఒత్తిడి, రేకు మందం ఎంత తగ్గిస్తే ఎక్కడ నలుగుతుంది, జెట్ ఇంజన్‌లో గాలి ఎంత నొక్కుకుంటుంది, సుడిగాలికి ముక్కు లేచిన విమానం తనంతట తాను సర్దుకుంటుందా లేదా. పదిహేడేళ్ళకే ఈ ప్రశ్నలతో నిద్రపట్టని పిల్లకు నాలుగేళ్ళు ఆగి ఎంటెక్‌లో చదువుకో అనడం సులభం. ఆ నాలుగేళ్ళలో ఆ ఆకలి చచ్చిపోతే ఎవరు జవాబుదారీ?

ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి, అమెరికాలో పెరిగి, ఆర్మ్‌స్ట్రాంగ్ చదివిన పర్డ్యూలోనే ఏరోస్పేస్ చదివి, 2021 జూలై 11న అంతరిక్షపు అంచు దాకా పోయొచ్చిన బండ్ల శిరీష పేరు ఆ అమ్మాయే తెచ్చింది. ఆ దారికి కావలసినవి వేరే. కానీ నచ్చిన చదువును మొదటే చదవొచ్చన్న ధైర్యం ఆ పేరులో ఉంది.

చివరికి నేను చెప్పింది ఇది. విండ్ టన్నెల్ నడుస్తూ, చెప్పే పంతుళ్ళుండి, ఫీజు మోయగలిగిన చోటు ఉంటే ఏరోను పైన పెట్టు. అలాంటిది లేకపోతే పేరుకు ఏరో ఉన్న ఉత్త గోడల మధ్య చేరొద్దు. ఎస్వీయూలోనో, అనంతపురం జేఎన్‌టీయూలోనో, ఫీజు భారం తక్కువగా ఉన్న మంచి మెకానికల్ తీసుకో. మొదటి రోజు నుంచే గేట్‌లో ఏరోస్పేస్ పేపరు, ఏఈ, దాని సిలబస్ దగ్గర పెట్టుకో. గేట్ రాసి ఎంటెక్‌కు పోవాలంటే బెంగళూరు ఐఐఎస్సీకి కుప్పం నుంచి రైల్లో పోయిరావచ్చు. ఈ వరస పెట్టాల్సింది నేను కాదు, మీ నాయన కాదు, నువ్వు. కాలేజీలు చూసొచ్చి పెట్టు. వాళ్ళ నాయన ఆ ప్రశ్నల కాగితాన్ని మడిచి ఆ అమ్మాయి చేతికిచ్చాడు. “ఛార్జీలకు నేను చూస్తాలే, పోయి అడుగు” అన్నాడు.

అందరు నాయనలూ అలా అనరు, అనలేరు కూడా. రెండు రాష్ట్రాలు తిరిగి ల్యాబులు చూసి రావడం ఎంతమందికి సాధ్యం? అందుకే తిరుపతి పెద్దలకు నాదొక విన్నపం. అలిపిరి వైపు రీజనల్ సైన్స్ సెంటర్ ఉంది. శ్రీహరికోట ఉంది, గాదంకి ఉంది, ఐఐటీ ఉంది, ఎస్వీయూ ఉంది. వీళ్ళంతా కలిసి అక్కడ ఒక చిన్న విండ్ టన్నెల్ పెట్టడం పెద్ద ఖర్చు కాదు. ఒక ఫ్యాను, గళ్ళ జల్లెడ, అద్దాల పెట్టె, ఉన్నిదారాలు అంటించిన రెక్క, తూకం మీటరు, పక్కన సేవ ముగిసిన ఒక పాత విమానం. చక్రం మాత్రం పిల్లల చేతికే ఇవ్వాలి. గాదంకి వాళ్ళు నెలకొకరు వచ్చి, పైన గాలి ఎలా పోతోందో ఆ రోజు కొలతలతో చెప్పాలి. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి జూనియర్ కాలేజీల నుంచి బస్సుల్లో పిల్లలను తీసుకురావాలి. ఇంటర్ రెండో ఏడు పరీక్షలయ్యాక, మే నెలలో, వెబ్ ఆప్షన్లు తెరవకముందే.